ఆగు అంటే ఆగమనే

మా అత్త పైడమ్మ మీద రాయ్‌పూర్ తెలుగువాళ్లలో ఒక జోకు తిరుగుతోంది. ముసలావిడ కారులో వెనక సీట్లో కూర్చుందట. ఎదురుగా మనిషి అడ్డం వస్తే "ఆగు, ఆగు" అని అరిచిందట. డ్రైవరు ఛత్తీస్‌గఢీవాడు. వాళ్ల భాషలో ఆఘూ అంటే ముందుకు. వాడు ముందుకే పోనిచ్చాడట. ఇంతే జోకు. పెళ్లి భోజనాల దగ్గర చెప్పుకుంటారు. వినాయక చవితి పందిట్లో మైకులో కూడా చెప్పారు. చెప్పిన ప్రతిసారీ జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు.

నేను ఆ పైడమ్మ కోడలిని, సుభద్రని. ఆ జోకు అబద్ధం. దాని కింద ఒక మనిషి కాలు విరిగి ఉంది, ఒక ముసలామె నోరు మూతపడి ఉంది. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తది పాలకొండ దగ్గర ఒక పల్లె. మామ దానయ్యకి ఇక్కడ రైల్వే వాగన్ల వర్క్‌షాపులో పని దొరికితే, కొత్త పెళ్లికూతురుగా వచ్చి రాయ్‌పూర్‌లో రైలు దిగింది. అప్పటినుంచీ ఇక్కడే ఉంది. పిల్లల్ని కంది, పెంచింది, మామని ఇక్కడే సాగనంపింది. హిందీ మాత్రం నేర్చుకోలేదు. రాక కాదు, అక్కర్లేక. "ఆల బాస నాకెందుకే? నా గుమ్మంలోకొచ్చినోలే నా బాస నేర్సుకుంతారు" అనేది. అన్నట్టే అయ్యింది. కూరగాయల బండామె మా ఇంటి ముందు ఆగి "అమ్మా, వంకాయ్ తాజా" అని కేకేసేది. పాలవాడు "పాలూ అమ్మా" అనేవాడు.

అత్త వాళ్లకి పెద్ద చదువేం చెప్పలేదు. రా, పో, తే, ఆగు. ఈ నాలుగు మాటలే నేర్పేది. ఆ నాలుగింటితోనే రైల్వే క్వార్టర్ల వరస మొత్తం నడిపింది. మేం దేవేంద్ర నగర్‌కి మారిన రోజున సామాన్ల లారీవాడికి కూడా, బీరువా ఇంట్లోకి చేరేలోపే ఆ నాలుగూ వచ్చేశాయి. గొంతు అలాంటిది. వీధి చివర ఎవరింట్లోనో పిల్లాడు అల్లరి చేస్తుంటే, మా గుమ్మంలోంచి అత్త "ఆగు!" అంటే వాడు ఆగేవాడు.

ఆవిడ కొడుకు, అంటే మా ఆయన రఘు, తన హిందీ గురించి మహా గొప్పలు పోతాడు. ఇక్కడే పుట్టాడు, ఇక్కడే చదివాడు. కానీ ఇంట్లో పొద్దస్తమానం విన్నది తల్లి తెలుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు ప్యూనుతో "పంఖా నికాల్ దో" అన్నాడట. ఫ్యాను ఆపమనడానికి మనం ఇంట్లో ఫ్యాను తీసెయ్ అంటాం కదా, దాన్నే తీసుకెళ్లి హిందీలో పెట్టాడు. ప్యూను నిచ్చెన తెచ్చి ఫ్యాను ఊడదీయడానికి ఎక్కాడు. అత్త ఈ కథ చెప్పి నవ్వినప్పుడల్లా ఆయన మొహం మాడ్చుకునేవాడు.

కారు సంగతికొస్తాను. ఆయన ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ తన పాత కారు అమ్మేస్తే మేం కొన్నాం. నేను నడపడం నేర్చుకుని, అందులోనే నా బీమా ఆఫీసుకి వెళ్లేదాన్ని. కొన్నాళ్లకి ఒకటి గమనించాను. మెల్లగా వెళ్తూ ఆపబోతే, రోజూ కాదు, అప్పుడప్పుడు, బ్రేకు పెడలు పాదం కింద గడగడ వణికేది. కిందనుంచి గరగరమని చప్పుడు వచ్చేది. నేను కాలు నొక్కే ఉంచినా కారు ఇంకో రెండడుగులు జరిగిగానీ నిలిచేది కాదు. అప్పుడు మీటరు దగ్గర ఏబీఎస్ అని పసుపు లైటు వెలిగేది. బండి కట్టేసి మళ్లీ స్టార్టు చేస్తే లైటు ఉండదు, వణుకు ఉండదు, ఏమీ ఎరగనట్టు నడిచేది.

ఏబీఎస్ అంటే, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి కారు జారిపోకుండా, బ్రేకుని పట్టి వదులుతూ పట్టి వదులుతూ కాపాడే ఏర్పాటు. కాపాడాల్సినదే మా కారులో వదిలేస్తోంది. ఆయనతో చెప్పాను. ఆయన కారు తీసి కాలనీ అంతా తిప్పాడు. ఏమీ కాలేదు. "నాను నడిపితే రాదు, నువ్వు నడిపితేనే వస్తాదేటి?" అన్నాడు.

కాలనీకి దగ్గర్లోని గ్యారేజీకి తీసుకెళ్లాం. దాని యజమాని ఏదో మిషను తగిలించి చూశాడు, ఒక చుట్టు తిప్పాడు. ఏమీ కాలేదు. అప్పుడు మా ఆయన వైపు తిరిగి "వహమ్ హై మేడమ్ కా" అన్నాడు. భ్రమట నాకు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాతో అనలేదు, మా ఆయనతో అన్నాడు. ఆయన తలాడించాడు. ఆ తలాడింపు చూస్తే నాకు గ్యారేజీవాడి మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది. సరే, బ్రేకు ప్యాడ్లు మార్చారు, బ్రేకు ఆయిలు మార్చారు. మళ్లీ వణికింది, మళ్లీ లైటు వెలిగింది. మళ్లీ చెప్పాను. చివరికి ఆయన విసుక్కుంటూ ఒక్కడే గ్యారేజీకి వెళ్లి, సాయంత్రానికి ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఆ రోజునుంచీ లైటు వెలగలేదు. పెడలు మాత్రం మళ్లీ వణికింది. "వణికిందండీ" అంటే "లైటెలిగిందా?" అని అడిగేవాడు. లేదు. "మరింకేటి?" అనేవాడు. నా కాలికి తెలిసిన సంగతి చెల్లదు, మీటరు దగ్గర దీపం చెబితేనే చెల్లుతుంది. పైగా ఆడవాళ్ల కాలు బ్రేకు మీద నిలవదని ఒక సిద్ధాంతం తీసి, డ్రైవర్ని పెట్టాడు.

డ్రైవరు ప్రేమ్‌చంద్‌ది అభన్‌పూర్. రోజూ బస్సులో వచ్చి వెళ్లేవాడు. నెమ్మదైన మనిషి, అత్తని దాయీ అని పిలిచేవాడు. వాళ్ల భాషలో అమ్మ అని. పొద్దున్నే కారు గేటులోంచి వెనక్కి తీసేటప్పుడు అత్త వీధిలో నిలబడి "రా… రా… రా… ఆగు!" అనేది. అతను గేటు పక్కనున్న తులసి కుండీకి జానెడు దూరంలో టక్కున ఆపేవాడు. అదొక రోజువారీ తంతు. మా ఆయన వరండాలో టీ తాగుతూ చూసేవాడు. నేనూ చూసేదాన్ని.

మా ఆడపడుచు కూతురి పెళ్లికి బట్టలు కొనడానికి మా ఆయనా అత్తా పండరీ బజారుకి బయల్దేరారు. ప్రేమ్‌చంద్ నడుపుతున్నాడు, ఆయన ముందు సీట్లో ఫోను చూసుకుంటున్నాడు, అత్త వెనక కూర్చుంది. నేను ఆఫీసులో ఉన్నాను. పండరీ బట్టల దుకాణాల సందు మీకు తెలిసే ఉంటుంది, మనిషిని మనిషి తోసుకుంటూ నడవాలి. బట్టల మూటలు మోసే హమాలీ ఒకతను, బిసాహూ అని, నెత్తి మీద మూటతో దుకాణంలోంచి దిగి కారుకి అడ్డంగా వచ్చాడు. ముందుగా చూసింది అత్త. "ఆగు! ఆగు!" అని అరిచింది. కారు ఆగలేదు, ముందుకు జరిగింది. పక్కనున్న తోపుడు బండికీ కారుకీ మధ్య బిసాహూ కాలు నలిగింది. మోకాలి కింద ఎముక విరిగింది.

జనం మూగారు. ప్రేమ్‌చంద్‌ని చొక్కా పట్టుకుని బయటికి లాగారు. అప్పుడు మా ఆయన దిగి గట్టిగా అన్నాడట, హిందీ రుకోని మా తెలుగులో ఆగు అంటారు, అమ్మ ఆగు అంది, పాపం వీడికి ఆఘూ అని వినబడింది అని. జనంలో ఎవడో నవ్వాడు. ఇంకొకడు నవ్వాడు. వచ్చిన కానిస్టేబులు కూడా నవ్వాడు. చొక్కా వదిలేశారు. ఒకడు నేల మీద పడి మూలుగుతున్నాడు, చుట్టూ జనం నవ్వుతున్నారు. ఆసుపత్రి ఖర్చు మేం పెట్టుకున్నాం, కేసు లేకుండా రాజీ అయ్యింది. కొన్నాళ్లకి ప్రేమ్‌చంద్ ఊళ్లోనే పని చూసుకుంటానని మానేశాడు. బిసాహూ ఎముక వంకరగా అతుక్కుంది. ఇప్పుడు మూటలు మోయలేడు, దుకాణం మెట్ల మీద కూర్చుని మూటలకి తాళ్లు కడుతుంటాడు.

జోకు మాత్రం రెండు కాళ్లతో బాగా నడిచింది. మా ఆయనే నడిపించాడు. పెళ్లిలో చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు, చవితి పందిట్లో చెప్పాడు. తల్లి గొంతు అనుకరిస్తూ, డ్రైవరు మొహం పెడుతూ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా నున్నగా తేలింది. అత్త అక్కడే ఏ మూలనో కుర్చీలో కూర్చుని ఉండేది. అందరూ ఆవిడ వైపు తిరిగి నవ్వేవారు, ఆవిడ పమిట కొంగు చూసుకునేది.

అత్త కారెక్కడం మానేసింది. గుమ్మంలో కేకలు మానేసింది. కూరగాయల బండామె పిలిస్తే లోపలినుంచి చేత్తో సైగ చేసేది. ఏమైందత్తా అని అడిగితే "ఏటీ నేదమ్మా" అనేది. ఇంట్లో ఆవిడ గొంతు లేకపోతే గోడలు దూరం జరిగినట్టుండేది. ఒకరోజు నేను ఆఫీసునుంచి కాస్త ముందుగా వచ్చాను. దేవుడి గదిలోంచి సన్నగా ఏదో వినబడింది. స్తోత్రమనుకున్నాను. దగ్గరికి వెళ్తే అత్త గోడవైపు తిరిగి కూర్చుని, చంటిపిల్ల అక్షరాలు దిద్దినట్టు, "రుకో… రుకో… రుకో" అనుకుంటోంది.

 "ఏటత్తా ఇది?" అన్నాను.

"నేర్సుకుంతన్నానే. నా నోటి మాటకి ఒక పిల్లడి కాలిరిగిపోనాది. అప్పుడే నేర్సుకుంటే ఆడికి కాలుండును."

ఇన్నేళ్ల ఆవిడ పొగరు, ఆ నాలుగు మాటల రాజ్యం, అంతా తీసుకెళ్లి ఒక జోకు కింద పడేశారు. నా కోపం అక్కడ అంచు దాటింది. ఆ కోపంలోనే ఒక సంగతి బుర్రకి తట్టింది. ప్రేమ్‌చంద్‌కి ఆగు తెలియకపోవడమేంటి? రోజూ పొద్దున్న తులసి కుండీ దగ్గర ఆగింది ఎవరు? మా ఆయన టీ తాగుతూ చూసింది ఏంటి? ఇన్నాళ్లూ నేనూ ఆ జోకునే నమ్మాను గానీ, అతను విని బ్రేకు కొట్టి ఉంటే ఆగనిది నా కాలి కింద వణికిన ఆ కారే అయ్యుండాలి.

మర్నాడు సెలవు పెట్టి కారు బయటికి తీశాను. తెల్లారి ఖాళీగా ఉన్న కాలనీ రోడ్ల మీద మెల్లగా నడుపుతూ, ఆపుతూ, నడుపుతూ తిరిగాను. జనం నన్ను పిచ్చిదనుకునే ఉంటారు. చాలాసేపటికి పెడలు పాదం కింద గడగడలాడింది. కారు రెండడుగులు జారింది. మీటరు దగ్గర చూశాను. లైటు లేదు. అప్పుడు ఇంకోటి చూశాను. తాళం తిప్పగానే మిగతా దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరతాయి. ఆ పసుపు దీపం అప్పుడూ వెలగడం లేదు.

ఆ గ్యారేజీకి కాకుండా ఊరి అవతలున్న ఇంకో పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను, విప్పి నా కళ్లముందే చూపించమన్నాను. చూపించారు. ముందు చక్రం దగ్గర పళ్లున్న రింగు ఒకటి ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దాన్నిబట్టే కారుకి తెలుస్తుంది. ఆ రింగు చీలి ఉంది. ఆ చీలిక అడ్డం వచ్చినప్పుడల్లా చక్రం బిగుసుకుపోయిందని కారు భ్రమపడి బ్రేకు వదిలేస్తోంది. భ్రమ నాది కాదు, కారుది. ఇక మీటరు వెనక చూస్తే, ఏబీఎస్ లైటుకి బల్బు ఉండాల్సిన చోట ఖాళీ. ఎవరో బల్బు ఊడదీశారు.

రింగు మార్పించి, మా ఆయన్ని ఆఫీసునుంచి పిలిపించి, తిన్నగా పాత గ్యారేజీకి తీసుకెళ్లాను. యజమాని కంగారేం పడలేదు. "సర్ నే ఖుద్ బోలా థా, లైట్ నికాల్ దో. హమ్‌నే నికాల్ దియా" అన్నాడు. సారే స్వయంగా లైటు తీసెయ్యమన్నారు, తీసేశాం అని.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఆ లైటు రాకుండా సెయ్యమన్నాను సుభద్రా… బాగు సెయ్యమనే…" అని గొణిగాడు. ఫ్యాను తీసెయ్ అనే మా ఇంటి తెలుగు మళ్లీ ఆయన హిందీలో దొర్లింది. అప్పుడు ప్యూను నిచ్చెన ఎక్కితే నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వడానికేం లేదు.

"నువ్వు హిందీవాడివే కదా," అని గ్యారేజీవాడి మీద విరుచుకుపడ్డాను, హిందీలోనే, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేలా. "సారు మాట తప్పు. నీ బుద్ధికేమైంది? ప్రమాదం ఉందని చెప్పే దీపాన్ని పీకి ఇస్తావా?" వాడు భుజాలెగరేశాడు. "కస్టమర్ ఖుష్ థే మేడమ్" అన్నాడు. కస్టమరు సంతోషంగానే వెళ్లాడట. అదీ నిజమే. ఈల వేసుకుంటూ వచ్చాడు కదా.

 ఇంటి గేటు దగ్గర కారాపి అన్నాను. "మాట తప్పుగా వినబడ్డం నిజమేనండీ. కానీ అది మీ అమ్మ మాట కాదు, మీ మాట. చవితి పందిట్లో చెప్పినట్టే ఇది కూడా చెప్పండి."

ఆయన చెప్పాడు, కాదనను. ఉగాదికి తెలుగువాళ్లంతా కలిసినచోట నిలబడి, తలొంచుకుని, రింగు సంగతీ బల్బు సంగతీ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపు చూసి ప్లేట్లవైపు తిరిగారు. వెనకనుంచి సత్తిరాజు అనే పెద్దమనిషి "పాతదే బాగుంది గురూ" అన్నాడు. దానికి నవ్వారు. ఆ పెద్దమనిషి చేతిలోని ఉగాది పచ్చడి గిన్నె లాక్కుని అతని నెత్తినే బోర్లించాలనిపించింది. అత్త ఆ రోజు రానేలేదు.

ఎవరు నమ్మకపోయినా అత్త నమ్మాలి. నేను చెబితే తన మీద జాలితో చెబుతున్నాననుకుంటోంది. అందుకని బతిమాలి, కోప్పడి, మళ్లీ బతిమాలి ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అభన్‌పూర్ వెళ్లాను. ప్రేమ్‌చంద్ ఇంటి ముందు ట్రాక్టరు కడుగుతున్నాడు. మమ్మల్ని చూడగానే అతని చేతిలో పైపు నేలపాలైంది.

"నిజం చెప్పు," అన్నాను. "దాయీ ఆగు అంటే నీకు తెలీదా?"

అతను నన్ను చూడలేదు. వచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "ఆగు మాలూమ్ రహిస్ దాయీ," అన్నాడు. తెలుసు అని. "బిరేక్ మారేఁవ్. గాడీ నఇ రుకిస్." బ్రేకు కొట్టాను, బండి ఆగలేదు. తర్వాత నాతో చెప్పాడు, జనం చొక్కా పట్టుకున్నప్పుడు సాబ్ ఆ మాట అన్నారని, వాళ్లు నవ్వారని, నవ్వేవాళ్లు కొట్టరు కదా అని తానూ అవునన్నానని. చెబుతూ ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు. నీ చొక్కా దక్కించుకోవడానికి ఆవిడ నోరు ఇచ్చేశావని మొహం మీదే అన్నాను.

అతని మాటలన్నీ అత్తకి తెలుగులో చెప్పాను. ఆవిడ చాలాసేపు అతని తల మీద చెయ్యి ఉంచింది.

"అయితే ఈడు ఇన్నాడా?" అంది.

"విన్నాడత్తా. ఆగమనే విన్నాడు."

"ఇననిది బండేనా?"

"బండే."

"ఓలమ్మ," అంది అత్త. 

తిరిగి వస్తుంటే రోడ్డు మీద ఎండ మండిపోతోంది. ఒక దూడ తల్లిని వెతుక్కుంటూ ఉన్నట్టుండి కారుకి అడ్డం వచ్చింది. నేను బ్రేకు నొక్కేశాను. అదే క్షణంలో పక్కనుంచి ఆ పాత గొంతు, అన్నాళ్లుగా మా ఇంట్లో లేని గొంతు, కారంతా మోగేలా లేచింది. "రుకో! రుకో!"

కారు ఆగింది. వణుకు లేదు, జారుడు లేదు. నా కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి, కోపంతోనే.

"ఆగు అనే అనత్తా," అన్నాను. "నాకు తెలుగొచ్చు కదా."

"నీకొచ్చునమ్మా," అంది. దూడ రోడ్డు దాటేదాకా చూసి, చెయ్యి చాపి ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుని నెమ్మదిగా తట్టింది. "దీనికి రాదు కదా."

ఇదీ జోకే అని ఎవరికైనా అనిపిస్తే, నా ఎదురుగా మాత్రం నవ్వకండి.